గోనె తెలుసు, గన్నీ తెలియదు

మొన్న ఆదివారం బోర్డు మీద ‘కండోన్’ అని రాశాను. విజయనగరంలో మా మేడ మీద రేకుల గదిలో వారానికోసారి నేను చెప్పే ఇంగ్లీషు క్లాసు అది. డిగ్రీ పిల్లలు, బీటెక్ పిల్లలు, బ్యాంకు పరీక్షలకి చదువుకునేవాళ్ళు, అంతా కలిపి పద్నాలుగు మంది. కొందరు పలాస పాసింజరెక్కి పొందూరు, చీపురుపల్లి నుంచి వస్తారు. ఆ మాట ఎవరికీ తెలియలేదు. కాసేపయ్యాక వెనక వరసలోంచి ఒక అబ్బాయి, ‘కండొనేషన్ ఫీజులో ఉండే కండోనేనా మేడమ్?’ అని అడిగాడు.

అదే. అటెండెన్స్ 75 శాతానికి తగ్గి, 65 శాతానికి పైన ఉంటే ఇంజినీరింగ్ కాలేజీల్లో కట్టించుకునే ఫీజు. ఆ గదిలోనే నలుగురు కట్టి ఉన్నారు. రసీదు మీద ఆ మాట చూశారు, ఇంట్లో ఆ మాట చెప్పి డబ్బులు అడిగారు. అయినా అది తమకి తెలిసిన ఇంగ్లీషు మాటేనని వాళ్ళకి ఎప్పుడూ తట్టలేదు.

ఫోన్లో వెతికితే ‘క్షమించు’ అని వచ్చింది. ఆ అర్థం పట్టుకుని వెళ్తే సగం దారిలో ఆగిపోతాం. మనం మనిషిని క్షమిస్తాం. కండోన్ చేసేది తప్పుని. అది తప్పేనని తెలిసి కూడా, పోనీలే అని ఊరుకోవడం. ఇంత చెప్పి, ఎవరింటి సంగతి వాళ్ళు ఒక వాక్యంగా రాయమన్నాను. పది నిమిషాల తర్వాత ఒక అమ్మాయి కాగితం నా చేతికిచ్చి, పైకి చదవొద్దని మెల్లగా చెప్పింది.

‘మై మదర్ ఫర్గేవ్ మై ఫాదర్. షీ నెవర్ కండోన్డ్ హిజ్ డ్రింకింగ్.’

మొత్తం పది మాటలు. అందులో కొత్తది ఒక్కటే. నాన్నని క్షమించిన అమ్మ, ఆయన తాగుడుని మాత్రం ఏనాడూ పోనీలే అనలేదు. ఆ రెండింటికీ మధ్య తేడాని ఆ పిల్ల ఎన్నో ఏళ్ళు తన ఇంట్లోనే చూసింది. దాన్ని చెప్పే మాట ఆ రోజు దొరికింది. ఆమె సరేనన్నాకే ఇది ఇక్కడ రాస్తున్నాను.

పెద్ద పెద్ద ఇంగ్లీషు మాటలు నేర్చుకోవడం గురించి పదిహేనేళ్ళుగా నేను పిల్లలతోనూ వాళ్ళ తల్లిదండ్రులతోనూ వాదిస్తున్నది దీని గురించే. కష్టమైన మాటలు మన పిల్లలకి కావాలి. తప్పకుండా కావాలి. అయితే పక్కన తెలుగు అర్థం రాసి ఉన్న పట్టీని బట్టీ పడితే అవి రావు. మనకి నిజంగా చెప్పాలని ఉన్న సంగతి ఒకటి, మన ఇంటిదో మన ఊరిదో, ఆ మాట పెట్టి చెప్పగలిగిన రోజే అది మనదవుతుంది. ఇది నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఎలా తెలిసిందో చెప్తాను.

మా నాన్న జూట్ మిల్లు కార్మికుడు. విజయనగరం చుట్టుపక్కల పల్లెల్లో ఒకప్పుడు వీధికి నలుగురైదుగురు మిల్లుకి వెళ్ళేవాళ్ళు. షిఫ్టు సైరన్‌ని బట్టి వంట మొదలయ్యేది. నేను పదో తరగతి దాకా తెలుగు మీడియం. డిగ్రీలో చేరాక ఎవరో చెప్తే పాత పుస్తకాల షాపులో ఒక గైడు కొన్నాను. మూడు వేల ఇంగ్లీషు మాటలు, ప్రతి మాట ఎదురుగా తెలుగులో ఒక ముక్క అర్థం. రోజుకి ముప్ఫై చొప్పున వంద రోజుల్లో పూర్తి చెయ్యాలని పెట్టుకున్నాను. తెల్లవారుజామున నాలుగింటికి లేచి వంటింటి తలుపు మీద సుద్దముక్కతో రాసుకునేదాన్ని. అమ్మ తలుపు తుడిచేది కాదు. మాటలు పోతాయని భయం ఆమెకి. వంద రోజుల్లో కాకపోయినా ఐదు నెలల్లో పూర్తి చేశాను.

2004లో విశాఖపట్నంలో ఒక ఇంటర్వ్యూకి వెళ్ళాను. ముగ్గురు కూర్చున్నారు. మీ నాన్నగారు ఏం చేస్తారని ఇంగ్లీషులో అడిగారు. జూట్ మిల్లులో పని అని చెప్పాను. మధ్యలో ఉన్నాయన నిజమైన ఆసక్తితోనే, ‘అలాగా, నార నుంచి సంచి దాకా ఏమేం చేస్తారో చెప్పండి, నాకెప్పుడూ తెలుసుకోవాలని ఉంది’ అన్నారు.

నా తలలో ‘ఫాస్టిడియస్’ ఉంది. ‘గారలస్’ ఉంది. ‘పల్క్రిట్యూడ్’ ఉంది. గోగు కట్టెలు కోసి మోపులు కట్టి చెరువులో ఊరబెట్టడం ఉందే, ఆ ఊరబెట్టడానికి మాట లేదు. నారకి లేదు. ఆ నారని దువ్వడానికి, పేనడానికి, నెయ్యడానికి లేదు. చివరికి గోనె సంచికి లేదు. చిన్నప్పటి నుంచి ముక్కుకి పట్టిన వాసన అది, చేతికి తెలిసిన గరుకు అది. దాని గురించి రెండు వాక్యాలు చెప్పలేకపోయాను. ఆయన కాసేపు ఎదురుచూసి, ఫర్వాలేదమ్మా అన్నారు. తర్వాతి ప్రశ్నలకి నేనేం చెప్పానో గుర్తులేదు.

ఉద్యోగం రాకపోవడం గురించి నాకు బాధ లేదు. వేరే ఉద్యోగం వచ్చింది, దాంతోనే బతుకుతున్నాను. నన్ను ఇప్పటికీ పట్టుకుని ఉన్నది వేరే సంగతి. కొన్నేళ్ళ తర్వాత ఒక మంచి నిఘంటువులో ‘గన్నీ’ అనే మాట కనిపించింది. గోనె సంచి. ఆ మాట పుట్టుక చూస్తే సంస్కృతంలో ‘గోణీ’. మన గోనె కూడా అక్కడిదే. నాకు ఆ రోజు దొరకని ఇంగ్లీషు మాట మా ఇంటి మాటకి అక్కచెల్లెలు. అదే నిఘంటువులో ‘బాండికూట్’ దగ్గర ఇది తెలుగు ‘పందికొక్కు’ నుంచి వచ్చిందని స్పష్టంగా రాసి ఉంది. మన గాదె కింద బొరియలు తవ్వే జంతువు పేరు ఇంగ్లీషులోకి వెళ్ళి అక్కడే స్థిరపడింది.

ఇంకొకటి కూడా అప్పుడే గమనించాను. మా నాన్న ఇంట్లో రోజూ అనే మాటలు: బ్యాచింగ్, కార్డింగ్, డ్రాయింగ్, స్పిన్నింగ్, లూమ్, హెస్సియన్. ఐదో తరగతి చదివిన మనిషి. ఈ మాటల్లో ఒక్కటీ ఆయన పుస్తకంలో చూడలేదు. ఒక్కటీ తప్పుగా వాడలేదు. కార్డింగ్ అంటే నారని పళ్ళున్న రోలర్ల మీద దువ్వడం అని ఆయన చేతులకి తెలుసు. మూడు వేల మాటలు బట్టీ పట్టిన కూతురికి ఆ ఆరు మాటలు ఇంగ్లీషని కూడా అనిపించలేదు. మిల్లు మాటలు కదా అని వాటిని తక్కువగా చూశాను. ఆ తప్పు నాది. కానీ ఆ గైడు కూడా నాకు అదే నేర్పింది. అందులో ఉదాహరణ వాక్యాలు అక్కడక్కడా ఉండేవి. ఒక రాజుగారు, ఒక మంత్రిగారు, లేకపోతే జాన్ అనే ఆయన. మిల్లు లేదు, చెరువు లేదు, మా అమ్మ లేదు.

పట్టీతో వచ్చే చిక్కు అర్థం దగ్గరే మొదలవుతుంది. తెలుగులో ‘జాగ్రత్త’ ఎన్ని పనులు చేస్తుందో చూడండి. బస్సెక్కేవాళ్ళకి జాగ్రత్తగా వెళ్ళు అంటాం. పాము తిరుగుతోంది జాగ్రత్త అంటాం. నగలు జాగ్రత్త చేశావా అంటాం. వాడు జాగ్రత్త గల మనిషి, రూపాయి వృథా చెయ్యడు అంటాం. ఇంగ్లీషులో ఇవి వేరు వేరు మాటలు. గైడులో ‘మెటిక్యులస్’ ఎదురుగా ‘అతి జాగ్రత్త గల’ అని ఉంటుంది. అది చదివిన అబ్బాయి ఒకడు ‘బీ మెటిక్యులస్, ద రోడ్ ఈజ్ స్లిప్పరీ’ అని రాశాడు. వాడికి ఇచ్చిన సమాచారంతో వాడు చేయగలిగింది సరిగ్గానే చేశాడు.

అదే మాటకి పొందూరు నుంచి వచ్చే అమ్మాయి ఏం రాసిందో చెప్తాను. పొందూరు ఖాదీ గురించి మన జిల్లాల వాళ్ళకి చెప్పనక్కర్లేదు. అక్కడ ఇప్పటికీ వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వుతారు. ఆ చేప పళ్ళు అంత సన్నంగా, అంత దగ్గరగా ఉంటాయి. వంద కౌంటు దాకా సన్నని నూలు చేత్తో వడికే ఊరది. ఈ అమ్మాయి నాయనమ్మ వడుకుతుంది. ‘మా నాయనమ్మకి చూపు తగ్గింది, వేళ్ళు మాత్రం ఇప్పటికీ మెటిక్యులస్’ అని ఇంగ్లీషులో రాసింది. చదవగానే గది మొత్తానికి అర్థమైంది. రోడ్డు మీద నడవడానికి ఈ మాట ఎందుకు పనికిరాదో మళ్ళీ చెప్పాల్సిన అవసరం రాలేదు. ఈ మాట లాటిన్‌లో ‘మెటుస్’ నుంచి, అంటే భయం నుంచి పుట్టిందని చెప్తే ఆ అమ్మాయే అంది, ‘అవును మేడమ్, పోగు తెగిపోద్దేమోనని భయమే కదా’ అని.

‘నొటోరియస్’ సంగతి కూడా ఇలాంటిదే, అది నా అనుభవం. పట్టీలో ‘పేరుమోసిన’ అని ఉంది. మనం పేరుమోసిన డాక్టరు అంటాం, పేరుమోసిన దొంగ అంటాం. తెలుగులో రెండూ చెల్లుతాయి, ఇంగ్లీషు మాట మాత్రం చెడ్డపేరు ఉన్నవాళ్ళకే. డిగ్రీ రెండో ఏడు మా లెక్చరర్ ఒకరు రిటైరవుతుంటే సభలో ఆయన్ని నేను ఆ మాటతో పొగిడాను. నాకు ఎంతో ఇష్టమైన మనిషి. ఆయన ముఖం మారడం చూశాను, ఎందుకో ఆ రోజు తెలియలేదు. తెలిసేసరికి ఆయన మా ఊళ్ళో లేరు.

మాటకి అర్థం ఎంత ముఖ్యమో సావాసం అంత ముఖ్యం. మన భాషలో ఇది మనకి పుట్టుకతోనే తెలుసు. కల కంటాం, ఒట్టు వేస్తాం, పందెం కాస్తాం, దెబ్బ తింటాం, మందు వేసుకుంటాం. పందెం కనం, ఒట్టు కాయం. ఎవరూ నేర్పలేదు. వినీ వినీ వచ్చింది. లాహోర్‌లో ఇంగ్లీషు ప్రొఫెసర్‌గా పనిచేసి వెళ్ళిన ఫర్త్ అనే భాషావేత్త 1957లో ఇదే సంగతి రాశాడు, మాటని దాని సావాసం బట్టి తెలుసుకుంటామని. ఇంగ్లీషు నేర్చుకునే పిల్లలందరి దగ్గరా ఉండే ఆ ప్రసిద్ధ ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ నిఘంటువు పుట్టింది కూడా ఇంగ్లండులో కాదు, జపాన్‌లో. హార్న్‌బీ, ఇంకో ఇద్దరు టీచర్లు జపాన్ విద్యార్థులకి చెప్తూ చెప్తూ, వీళ్ళకి మాట అర్థం ఒక్కటే ఇస్తే సరిపోవడం లేదు, ఆ మాట వాక్యంలో దేని పక్కన ఎలా కూర్చుంటుందో చూపించాలి అని తెలుసుకుని తయారుచేశారు. 1942లో టోక్యోలో మొదటిసారి అచ్చయింది. ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు 1948లో వేశారు. మనలాగే బయటి నుంచి ఇంగ్లీషులోకి వెళ్ళేవాళ్ళ ఇబ్బంది చూసి పుట్టిన పుస్తకం కాబట్టే అది మనకి అంత ఉపయోగపడుతుంది. ఏ మాట చూసినా అర్థం చదివి మూసెయ్యకండి. కింద ఇచ్చిన వాక్యాలే అసలు సరుకు.

ఇక రెండో వైపు నుంచి వచ్చే మాట. ‘ఏటండీ ఈ పెద్ద మాటలు? సింపుల్ ఇంగ్లీష్ చాలు.’ ఇది నాకు ప్రతి పెళ్ళిలో, ప్రతి పేరంటంలో వినిపిస్తుంది. స్పోకెన్ ఇంగ్లీష్ బోర్డుల మీద కూడా ఇదే. దీన్ని నేను ఒప్పుకోను. మాట్లాడేటప్పుడు చిన్న మాటలు వాడటం మంచిదే, అది వేరే సంగతి. కానీ చిన్న మాటలు ఎంచుకోవాలంటే ముందు పెద్ద మాటలు తెలిసి ఉండాలి. తెలియనివాళ్ళకి ఎంచుకోవడం ఎక్కడిది?

ఉద్దానం నుంచి, కవిటి వైపు నుంచి వచ్చి ఇక్కడ హాస్టల్లో ఉండి చదువుకునే అమ్మాయి ఉంది. వాళ్ళ తాతకి కిడ్నీ జబ్బు, డయాలసిస్ జరుగుతోంది. ఉద్దానంలో ఇది ఎన్ని ఇళ్ళలో ఉందో మనకి తెలుసు. ఒకరోజు ఆసుపత్రి కాగితం ఫొటో తీసుకొచ్చి చూపించింది. ‘క్రానిక్ కిడ్నీ డిసీజ్ ఆఫ్ అన్‌నోన్ ఈటియాలజీ.’ క్రానిక్ తనకి తెలుసు, ఆ ఊళ్ళల్లో చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఈటియాలజీ దగ్గర ఆగిపోయింది. జబ్బుకి మూలకారణం, ఆ కారణం గురించిన శాస్త్రం అని చెప్పాను. గ్రీకులో కారణం అనే మాట నుంచి వచ్చింది. కాసేపు మాట్లాడలేదు. ‘అంటే తాతకి ఎందుకొచ్చిందో ఎవరికీ తెలీదని ఇంత చిన్నగా రాసేశారా మేడమ్’ అంది. తర్వాతి నెల తాతతో తనే ఆసుపత్రికి వెళ్ళింది. నీళ్ళ పరీక్షల గురించి, ఈటియాలజీ గురించి కొత్తగా ఏమైనా తెలిసిందా అని ఇంగ్లీషులో అడిగింది. అంతకుముందు రెండు నిమిషాల్లో పంపేసే డాక్టరు ఆ రోజు కుర్చీ చూపించి కూర్చోమన్నారట, పావుగంట వివరించారట.

ఆ పిల్లకి సింపుల్ ఇంగ్లీష్ చాలు అని ఎవరు చెప్తారు? జబ్బు పేరే సింపుల్‌గా లేదు. ఇన్సూరెన్సు కాగితం సింపుల్‌గా లేదు. అందులో ‘నాట్‌విత్‌స్టాండింగ్’, అంటే ‘ఏమున్నప్పటికీ’, అన్న ఒక్క మాట పై పేరాలో ఇచ్చిందంతా కింద పేరాలో వెనక్కి తీసుకోగలదు. నా ఉద్యోగంలో అలాంటి కాగితాలు చదివి చెప్పమని వచ్చేవాళ్ళు రోజూ ఉంటారు. ‘చాలు’ అనే మాట ఎప్పుడూ లేనివాళ్ళకే చెప్తారు. తమ పిల్లలకి చెప్పుకోరు.

లెక్క కూడా చెప్పాలి. మైకేల్ వెస్ట్ అనే ఆయన అప్పటి బెంగాల్‌లో, ఢాకాలో విద్యాశాఖలో పనిచేశాడు. మన పిల్లల్లాంటి పిల్లలకి ఇంగ్లీషు చెప్పిన అనుభవంతో బాగా వాడుకలో ఉన్న సుమారు 2000 మాటల పట్టీని 1953లో వెలువరించాడు. మన డిగ్రీ పిల్లల్లో చాలామంది అటూ ఇటూగా అక్కడే ఉంటారని నా అంచనా. పేపరు, నవల లాంటివి ఎవరి సాయం లేకుండా హాయిగా చదవాలంటే 8000 నుంచి 9000 మాటల కుటుంబాలు తెలియాలని పాల్ నేషన్ అనే భాషావేత్త 2006లో లెక్క కట్టాడు. ఒక మాట, దాని నుంచి వచ్చే రూపాలు కలిపితే ఒక కుటుంబం. రెండు వేలకీ ఎనిమిది వేలకీ మధ్య ఉన్న ఆ గెడ్డని దాటించే పని ఎవరూ పెట్టుకోవడం లేదు. గైడు పుస్తకాలు ఏకంగా అవతలి గట్టుకి గెంతమంటాయి, ఎవరూ వాడని ‘పల్క్రిట్యూడ్’ దగ్గరికి. చదువుల్లో, ఆఫీసుల్లో నిజంగా తగిలే మాటలు వేరు. న్యూజిలాండ్‌లో కాక్స్‌హెడ్ అనే ఆవిడ కాలేజీ పుస్తకాలు, వ్యాసాలు వడకట్టి 2000లో 570 మాటల కుటుంబాలతో ఒక పట్టీ తయారుచేసింది. ఆర్బిట్రరీ, యాంబిగ్యుయస్, సబ్సీక్వెంట్, రిలక్టెన్స్ లాంటివి. నన్నడిగితే అడ్వాన్స్‌డ్ అంటే ఇవి. వీటిలో ఒక్కటి తెలియకపోయినా ఏదో ఒక కాగితం ముందు తల దించుకోవాల్సి వస్తుంది.

మా విజయనగరంలో ఎవరైనా పెద్ద ఇంగ్లీషు మాట వాడితే వెంటనే గిరీశం అని పిలుస్తారు. పిల్లలు ఆ పిలుపుకి భయపడి నోరు మూసుకోవడం నేను చూశాను. నాకు కోపం వస్తుంది. గిరీశాన్ని సృష్టించిన గురజాడ అప్పారావు గారు ఇక్కడి మహారాజా కాలేజీలో చదివి, అక్కడే పాఠాలు చెప్పినవారు. 1897లో తన నాటకం అచ్చు వేసినప్పుడు ముందుమాట ఇంగ్లీషులోనే రాశారు. వాడుక తెలుగులో నాటకం ఎందుకు రాశారో ఆ ఇంగ్లీషులో వాదించి చెప్పారు. గిరీశం ఇంగ్లీషు ఎదుటివాళ్ళ నోరు మూయించడానికి. గురజాడ ఇంగ్లీషు ఒక సంగతి ఒప్పించడానికి. ఇద్దరూ మా ఊరివాళ్ళే. పిల్లలకి మొదటివాడి పేరు పెట్టి భయపెట్టేవాళ్ళు రెండో ఆయన దారి కూడా చూపించాలి కదా.

గిడుగు రామమూర్తి గారిని కూడా తలుచుకుంటాను. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు, విజయనగరంలో చదువుకున్నారు, పర్లాకిమిడిలో టీచరుగా పనిచేశారు. అక్కడి సవరల భాష నేర్చుకున్నారు. ఆ భాషకి అప్పుడు నిఘంటువు లేదు, లిపి లేదు, గైడు లేదు. మనుషుల నోటి నుంచే నేర్చుకున్నారు. సవర పిల్లల కోసం వాచకాలు, కథలు, పాటల పుస్తకాలు తయారుచేసి బడులు పెట్టారు. ఇవన్నీ ఎప్పుడో చేశారు. సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో వచ్చింది. ఆయన జీవితంలో మనుషుల తర్వాతే పట్టీ వచ్చింది. మనం మొదట పట్టీ పట్టుకుని, మనుషుల దగ్గరికి ఎప్పటికీ వెళ్ళకుండా ఆగిపోతున్నాం.

పరీక్షల సంగతి త్వరగా చెప్పేస్తాను. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకి పెట్టే ఎస్సెస్సీ లాంటి పరీక్షల్లో సమానార్థకాలు, వ్యతిరేకపదాలు ఇప్పటికీ అడుగుతారు, వాటికి పట్టీ కొంత పనికొస్తుంది, కాదనను. కానీ అమెరికా చదువులకి రాసే జీఆర్ఈలో 2011 ఆగస్టు నుంచి విడి మాటల వ్యతిరేకపదాలు తీసేశారు. వాక్యంలో ఖాళీకి సరిపోయే మాటే ఇప్పుడు అడుగుతున్నారు. బ్యాంకు పరీక్షల్లోనూ పేరాలో ఖాళీలే ఎక్కువ. పరీక్ష పెట్టేవాళ్ళే మారారు, మా ఊరి గైడు మారలేదు.

మా క్లాసులో వారానికి ఐదే మాటలు. తల్లిదండ్రులకి ఇది నచ్చదు. ఫలానా చోట రోజుకి యాభై చెప్తున్నారట కదా అంటారు. ఐదు మాటలకి ఒక్కోదానికి మూడు వాక్యాలు రాయాలి. మొదటిది ఇంటిదో ఊరిదో. రెండోది ఎవరితోనైనా విభేదిస్తూ రాయాలి, ఎందుకంటే వాదించేటప్పుడే మాట బరువు తెలుస్తుంది. మూడోది అన్నిటికంటే కష్టం. ఆ మాట వాడకూడని వాక్యం రాసి, ఎందుకు వాడకూడదో చెప్పాలి. నొటోరియస్ గురించి నాకు అప్పట్లో ఎవరైనా ఈ మూడో వాక్యం రాయించి ఉంటే ఆ సభలో అలా జరిగేది కాదు.

‘రెసిలియెంట్’ రోజు వజ్రపుకొత్తూరు అబ్బాయి మూడో వాక్యం ఇలా తెచ్చాడు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు వాళ్ళ తోటలో కొబ్బరి చెట్లు దాదాపు అన్నీ పడిపోయాయి. ‘పడిపోయిన మా చెట్టుని రెసిలియెంట్ అనకూడదు, వంగి మళ్ళీ లేచినదాన్నే అనాలి. దాని గోతిలో మళ్ళీ మొక్క నాటిన మా అమ్మని అనొచ్చు. సాయం రాని ఊరిని మాత్రం ఆ మాటతో పొగడకూడదు’ అని. ఆ చివరి ముక్క నేను నేర్పలేదు. తుఫాను వచ్చిన ప్రతిసారీ మన జనాన్ని ఆ మాటతో పొగుడుతారు. పొగిడి వెళ్ళిపోతారు. మాట అర్థం తెలిసినవాడు దాన్ని ఎవరు ఎందుకు వాడుతున్నారో కూడా చూడగలడు. పంతొమ్మిదేళ్ళ కుర్రాడు అది చూశాడు.

ఈమధ్య కొత్త ఇబ్బంది ఒకటి వచ్చింది. ఫోన్లో ఏఐని అడిగితే వాక్యాలు క్షణంలో రాసిస్తోంది. ఒకమ్మాయి పదిహేను వాక్యాలు తెచ్చింది, ఒక్క తప్పు లేదు. చదువుతుంటే ఆ పిల్ల ఎక్కడా కనిపించలేదు. తిట్టలేదు. ‘ఇవి నీ నోట్సులో ఉంచుకో, ఆ మాటలు దేని పక్కన కూర్చుంటున్నాయో చూసుకో. కానీ మీ ఇంటి సంగతి దానికి తెలియదు కదా, అది నువ్వే రాయాలి’ అన్నాను. మళ్ళీ వారం మూడే వాక్యాలు తెచ్చింది. రెండు వ్యాకరణం తప్పులు. వాళ్ళ పెద్దమ్మ చీటీల గొడవ గురించి ‘రిలక్టెంట్’ పెట్టి రాసింది. పెద్దమ్మ ఇవ్వనూ లేదు, ఇవ్వనని చెప్పనూ లేదు. అది సరిగ్గా ఆ మాటే.

ఇంటి వాక్యాలతో ఆగిపోమని నేను అనడం లేదు. పేపరు చదవాలి, సంపాదకీయం చదవాలి, ఇంగ్లీషువాళ్ళు రాసుకున్న వాక్యాలు వందలకొద్దీ చూడాలి. బయటి వాక్యాలు చూడకపోతే మన వాక్యం సరైనదో కాదో తెలియదు. అయితే బయట చూసిన మాట ఇంటికి రాకపోతే అతిథిగా ఉండి వెళ్ళిపోతుంది. నా మూడు వేల మాటల్లో రెండు వేల ఐదు వందలు అలాగే వెళ్ళిపోయాయి.

పోయిన నెల నేను కూడా క్లాసుతోపాటు కూర్చుని రాయడం మొదలుపెట్టాను. ఆ 2004 నాటి ప్రశ్నకి జవాబు. నార నుంచి సంచి దాకా, ఒక పేజీ, ఇంగ్లీషులో. ఊరబెట్టడానికి ‘రెటింగ్’ అనే మాట ఉందని తెలుసుకున్నాను. ఆ మాట ఇన్నేళ్ళూ నిఘంటువులో ఉంది, మా చెరువు ఇన్నేళ్ళూ ఊళ్ళో ఉంది. రాయడం అయ్యాక నాన్న పక్కన కూర్చుని ఒక్కో వాక్యం తెలుగులో చెప్పాను. ఆయనకి ఇప్పుడు 74 ఏళ్ళు, వినికిడి తగ్గింది. అంతా విన్నారు. ‘బాగుందమ్మా’ అన్నారు. కాసేపాగి, ‘నూనెనీళ్ళు కొట్టాక నారని గుట్టేసి మాగబెట్టాలి కదా, అది రాయలేదేటి?’ అన్నారు.

నిజమే, రాయలేదు. మాగబెట్టడం. ‘రైపెన్’ అంటే పండు అవుతుంది. ‘మెచ్యూర్’ దగ్గరగా ఉంది కానీ అచ్చంగా అది కాదు. మిల్లులో ఏమనేవాళ్ళని అడిగితే పైలింగ్ అనేవాళ్ళమన్నారు. పైల్ అంటే గుట్ట. ‘గుట్టలో చెయ్యి పెడితే లోపల వెచ్చగా తగలాలి, అప్పుడే తియ్యాలి’ అని అరచెయ్యి చూపించారు. ఆ వేడి పైలింగ్ అనే మాటలో లేదు. వచ్చే ఆదివారం బోర్డు మీద ముందు తెలుగులో ‘మాగబెట్టు’ అని రాసి పిల్లలని అడుగుతాను.